నిర్దోషి అన్నారు, ఓడ మాత్రం ఇవ్వలేదు

1914 నవంబరు 5. ఇంగ్లండ్ దక్షిణ తీరంలోని పోర్ట్‌లాండ్ రేవులో బుల్వర్క్ అనే యుద్ధనౌక మీద ఒక రియర్ అడ్మిరల్‌ను కోర్ట్ మార్షల్ (సైనిక న్యాయస్థానం) ముందు నిలబెట్టారు. పేరు ఎర్నెస్ట్ ట్రూబ్రిడ్జ్, వయసు 52. పారిపోతున్న శత్రునౌకను వెంటాడకుండా వదిలేశాడన్నది అభియోగం. అదే రోజు బ్రిటన్ టర్కీ మీద యుద్ధం ప్రకటించింది. టర్కీని యుద్ధంలోకి లాగిన ఓడ, ఆయన వదిలేశాడని చెబుతున్న ఆ జర్మన్ యుద్ధనౌక గోబెనే. సరిగ్గా ముందురోజు లండన్‌కు ఇంకో కబురు చేరింది. చిలీ తీరంలో కొరొనెల్ దగ్గర రియర్ అడ్మిరల్ క్రిస్టొఫర్ క్రాడక్ తనకంటే బలమైన జర్మన్ దళం మీదికి వెళ్లి, రెండు ఓడలతో, దాదాపు 1,600 మందితో సహా మునిగిపోయాడు.

ఈ మూడింటినీ చరిత్ర పుస్తకాలు వేర్వేరు అధ్యాయాల్లో పెడతాయి. నాకు మాత్రం ఇవి ఒకే కథ. 1914 ఆగస్టులో ఆ రాత్రి ట్రూబ్రిడ్జ్ గోబెన్ వేట మాని వెనక్కి తిరగడం తప్పు కాదని నా నమ్మకం. ఆయన పొరపాట్లు వేరే ఉన్నాయి, వాటికీ వస్తాను. పెద్ద తప్పు మాత్రం ఆయన్ను పనిలో పెట్టుకున్నవాళ్లది. విచారణ పూర్తికాకముందే ఆయన్ను పిరికివాడిగా లెక్కగట్టారు, నిర్దోషి అని తేలాక కూడా ఆ లెక్క సరిచేయలేదు. ఆ మొదటి లెక్కకు మూల్యం చెల్లించింది ఇంకో మహాసముద్రంలో పోయిన 1,600 మంది కుటుంబాలు.

ముందు మనిషి సంగతి. ట్రూబ్రిడ్జ్‌ల ఇంట్లో వెనకడుగు అన్నది వినపడని మాట. ముత్తాత సర్ థామస్ ట్రూబ్రిడ్జ్ బ్రిటిష్ నౌకాదళ వీరుడు నెల్సన్‌కు సహచరుడు. ఆయన చావుకు మన మద్రాసుతో సంబంధం ఉంది. 1807 జనవరిలో మద్రాసు నుంచి బ్లెనిమ్ అనే పాత ఓడలో కేప్‌టౌన్ వైపు బయలుదేరాడు. ఆ ఓడ అంతకుముందే నేలతట్టి నడుం విరిగినంత పనైంది, సముద్రం మీదికి తీసుకెళ్లొద్దని దాని కెప్టెనే చెప్పాడు. వినలేదు. హిందూ మహాసముద్రంలో తుపానుకు చిక్కి ఓడ, మనుషులు అంతా పోయారు. కొడుకు ఎడ్వర్డ్ ఇంకో ఓడలో తండ్రిని వెతుక్కుంటూ వెళ్లాడు, జాడ దొరకలేదు. మూడో తరంలో ఎర్నెస్ట్ తండ్రి సైన్యంలో చేరి 1854లో క్రిమియాలోని ఇంకర్మన్ యుద్ధంలో ఒక కాలు, రెండో కాలి పాదం పోగొట్టుకున్నాడు. అయినా యుద్ధం ముగిసేదాకా కదలనని, తెగిన కాళ్లను ఫిరంగి బండి మీద ఎత్తిపెట్టుకుని అక్కడే ఉండి ఆజ్ఞలిచ్చాడు. ఆయన చనిపోయేనాటికి ఎర్నెస్ట్‌కు అయిదేళ్లు.

ఇలాంటి వంశంలో పుట్టినవాడిని పిరికివాడనడం ఎంత తేలికో, ఆ మాట ఆ మనిషికి ఎంత లోతుగా గుచ్చుకుంటుందో ఆలోచించండి. ఎర్నెస్ట్ సొంత చరిత్రలో కూడా పిరికితనం ఆనవాలు లేదు. 1888లో నీళ్లలో పడిన నావికుణ్ని దూకి కాపాడినందుకు రాయల్ హ్యూమేన్ సొసైటీ వెండి పతకం ఇచ్చింది. రష్యా జపాన్ యుద్ధం మొదలైనప్పుడు టోక్యోలో నౌకాదళ ప్రతినిధిగా ఉన్నాడు, 1904లో చెముల్పో పోరాటాన్ని దగ్గర నుంచి చూశాడు. ఆ తరం బ్రిటిష్ అధికారుల్లో ఆధునిక నౌకాయుద్ధాన్ని కళ్లారా చూసినవాళ్లు చాలా తక్కువ. ఎక్కువమందికి తెలిసిన సముద్రం విన్యాసాలది, ఇత్తడి సామాను తళతళలాడించే తనిఖీలది. దూరం నుంచి వచ్చిపడే పెద్ద గుండు ఇనుప ఓడను ఏం చేస్తుందో ఈయనకు తెలుసు. 1912లో అప్పటి నౌకాదళ మంత్రి చర్చిల్ నౌకాదళానికి యుద్ధ ప్రణాళికా విభాగం పెట్టినప్పుడు దాని మొదటి అధిపతి ట్రూబ్రిడ్జే. 1913లో మధ్యధరా సముద్రంలో క్రూయిజర్ దళం ఆయన చేతికి వచ్చింది.

ఇక ఆ రాత్రి. జర్మన్ అడ్మిరల్ సూషోన్ దగ్గర ఉన్నవి రెండే ఓడలు, గోబెన్, బ్రెస్లా. బ్రెస్లా చిన్నది. గోబెన్ మాత్రం బ్యాటిల్ క్రూయిజర్, అంటే పెద్ద ఫిరంగులు, ఎక్కువ వేగం రెండూ ఉన్న యుద్ధనౌక, పది 28 సెంటీమీటర్ల ఫిరంగులు, ఒక్కో గుండు 300 కిలోలు. ట్రూబ్రిడ్జ్ దళంలో నాలుగు ఆర్మర్డ్ క్రూయిజర్లు (పాతతరం కవచ నౌకలు): డిఫెన్స్, వారియర్, బ్లాక్ ప్రిన్స్, డ్యూక్ ఆఫ్ ఎడిన్‌బరో. నాలుగింటిలో కలిపి 9.2 అంగుళాల ఫిరంగులు 22. వాటి గుండు బరువు 172 కిలోలు. ఈ ఓడల వేగం కాగితం మీద 23 నాట్లు, గోబెన్‌ది 28 దాకా. ఆ రోజుల్లో గోబెన్ బాయిలర్లు పాడై ఉన్నాయి, అంత వేగం వచ్చే స్థితి లేదు. అయితే అవి ఎంతగా పాడయ్యాయో బ్రిటిష్‌వాళ్లకు తెలియదు.

జూలై 30న లండన్ నుంచి వచ్చిన ఆజ్ఞలో రెండు ముక్కలున్నాయి. ఆఫ్రికా నుంచి ఫ్రాన్స్‌కు సైన్యాన్ని చేరవేసే ఓడలకు రక్షణగా ఉండాలి, వీలైతే గోబెన్ లాంటి వేగమైన జర్మన్ ఓడలను యుద్ధానికి దింపాలి, ఇది మొదటిది. మీకంటే బలమైన దళంతో ప్రస్తుతానికి తలపడొద్దు, బలగాన్ని కాపాడుకోండి, ఇది రెండోది. బలమైన దళమంటే తన ఉద్దేశంలో ఆస్ట్రియా నౌకాదళమని చర్చిల్ తర్వాత చెప్పుకున్నాడు. ఆ సంగతి టెలిగ్రాంలో లేదు. ట్రూబ్రిడ్జ్ దీన్ని ముందే పసిగట్టాడు. నా దృష్టిలో బ్యాటిల్ క్రూయిజర్ బలమైన దళమే అని తన పై అధికారి అడ్మిరల్ బర్క్‌లీ మిల్న్‌తో అన్నాడు. ఆ పరిస్థితే రాదని మిల్న్ జవాబు. ఎందుకంటే అప్పటికి మిల్న్ దగ్గర గోబెన్‌కు సమఉజ్జీలైన బ్యాటిల్ క్రూయిజర్లు మూడున్నాయి. తీరా ఆ పరిస్థితి వచ్చేసరికి ఆ మూడూ సిసిలీకి అటువైపున, పడమర దిక్కున ఉన్నాయి. గోబెన్ తూర్పుకు పోతుందని ఎవరూ అనుకోలేదు.

ఆగస్టు 6 సాయంత్రం గోబెన్ మెస్సినా నుంచి బయటపడి తూర్పుదారి పట్టింది. గ్లాస్టర్ అనే చిన్న క్రూయిజర్ కెప్టెన్ హోవర్డ్ కెల్లీ వెనకే అంటుకుని, అది ఎక్కడుందో వైర్‌లెస్‌లో చెబుతూనే ఉన్నాడు. గ్రీసు పడమటి తీరంలో ఉన్న ట్రూబ్రిడ్జ్ అర్ధరాత్రి దక్షిణానికి తిరిగాడు. లెక్క ఏమిటంటే, తెల్లవారేలోగా మసక చీకట్లోనే గోబెన్‌కు దగ్గరగా చేరాలి. దగ్గరైతే తన ఫిరంగులూ పనిచేస్తాయి, దూరమైతే ఆ ఓడ చెప్పిందే వేదం.

తెల్లవారుజామున, మూడు గంటలకు అటూఇటూగా, ఆయన ఫ్లాగ్ కెప్టెన్ (అడ్మిరల్ ఉండే ఓడకు కెప్టెన్) ఫాసెట్ రే వచ్చాడు. ఫిరంగుల విద్యలో నిపుణుడు. యుద్ధం చేయబోతున్నారా అని అడిగాడు. అవును, తప్పని తెలుసు, కానీ మధ్యధరా దళం మొత్తం పేరు కంపుకొట్టనివ్వలేను అన్నది ట్రూబ్రిడ్జ్ జవాబు. కోర్టులో బయటికొచ్చిన ఈ మాట దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. ఎనిమిది తొమ్మిది వందల మందిని మోసే ఓడలు నాలుగు ఆయన చేతిలో ఉన్నాయి. ఈ పోరాటంలో లాభం లేదని బుద్ధి చెబుతోంది. ముందుకు నెడుతున్నది మాత్రం పేరు పోతుందన్న భయం. కాసేపటికి రే మళ్లీ వచ్చాడు. అనుకున్న సమయానికి చీకట్లో చేరలేం, వెలుగు వచ్చేస్తుంది, గోబెన్ తన వేగంతో మన చుట్టూ తిరుగుతూ మన గుండ్లు అందని దూరం నుంచి ఒక్కొక్క ఓడనూ ముంచుతుంది, ఇది ఆత్మహత్య అన్నాడు. నాలుగు గంటల ప్రాంతంలో ట్రూబ్రిడ్జ్ వేట మానేశాడు. మీ జీవితంలో మీరు చేసిన అత్యంత ధైర్యమైన పని ఇదేనని రే అన్నాడట. ఆ క్షణంలో అడ్మిరల్ కళ్లలో నీళ్లున్నాయని చెబుతారు.

నేను రే మాటనే నమ్ముతాను. పేరు కోసం చావడానికి సిద్ధపడ్డవాడు, పేరు పోతుందని తెలిసీ ఆగాడు.

దీనికి ఎదురు వాదన బలంగానే ఉంది, దాన్ని తేలిగ్గా తీసిపారేయను. నాలుగు ఓడలు నాలుగు వైపుల నుంచి పడితే గోబెన్ గురి చీలిపోయేది. దాని మరమ్మతు రేవు ఎక్కడో ఉంది, ఒక్క గుండు తగలరానిచోట తగిలి వేగం తగ్గినా మిల్న్ వచ్చి పని ముగించేవాడు. ఇలా వాదించేవాళ్లు 1939 డిసెంబరులో రివర్ ప్లేట్ దగ్గర జరిగింది చూపిస్తారు. అక్కడ హార్‌వుడ్ మూడు చిన్న క్రూయిజర్లతో 28 సెంటీమీటర్ల ఫిరంగులున్న గ్రాఫ్ స్పీని రేవులోకి తరిమాడు, నాలుగు రోజులకు జర్మన్లే దాన్ని ముంచేసుకున్నారు. నిజమే. కానీ హార్‌వుడ్ ఓడలు గ్రాఫ్ స్పీ కంటే వేగమైనవి. ఎప్పుడు దగ్గరకు పోవాలో, ఎప్పుడు పొగతెర వేసుకుని తప్పుకోవాలో ఆయన చేతిలో ఉంది. ట్రూబ్రిడ్జ్‌కు తెలిసినంతలో గోబెనే వేగమైనది. సముద్రం మీద వేగం ఉన్నవాడే దూరాన్ని నిర్ణయిస్తాడు. ఆ ఒక్క తేడాతో పోలిక మొత్తం కూలిపోతుంది.

పైగా అలాంటి పోరాటం ఎలా ముగుస్తుందో నాలుగు నెలల్లోనే లోకం చూసింది. 1914 డిసెంబరు 8న ఫాక్‌లాండ్స్ దగ్గర రెండు బ్రిటిష్ బ్యాటిల్ క్రూయిజర్లు జర్మన్ ఆర్మర్డ్ క్రూయిజర్లు షార్న్‌హోర్స్ట్, గ్నైజెనావ్‌లను దూరం నుంచి కొట్టి ముంచాయి. ఆ రోజంతటి పోరులో చనిపోయిన బ్రిటిష్ నావికులు పది మంది. జర్మన్ల వైపు అడ్మిరల్ ష్పే, ఆయన ఇద్దరు కొడుకులు, రెండు ఓడల సిబ్బందిలో అత్యధికులు పోయారు. రే తెల్లవారుజామున చెప్పిన లెక్క అక్షరాలా అదే. ట్రూబ్రిడ్జ్ ఓడల సంగతి చెప్పాలంటే, 1916 మే 31న జట్లాండ్ యుద్ధంలో డిఫెన్స్ ఇంకో సాహసి అడ్మిరల్ అర్బత్‌నాట్‌తో, దాదాపు 900 మందితో పేలిపోయింది. బ్లాక్ ప్రిన్స్ రాత్రి చీకట్లో జర్మన్ యుద్ధనౌకల వరసలోకి వెళ్లి 850 మందికి పైగా నావికులతో పోయింది. వారియర్ దెబ్బతిని మర్నాడు మునిగింది. జట్లాండ్ పరిస్థితి వేరు, వాటికి ఎదురుపడ్డ బలం చాలా పెద్దది, ఒప్పుకుంటాను. ఆ ఓడల కవచం పెద్ద గుండును ఆపలేదన్న ఒక్క సంగతికే దీన్ని సాక్ష్యంగా తెస్తున్నాను.

మరి ఆయన పొరపాట్లు? ఉన్నాయి. ఒకటి, నిర్ణయం చేసుకున్న సమయం. బ్యాటిల్ క్రూయిజర్‌తో తలపడకూడదని రోజుల ముందే అనుకున్నవాడు, ఆ సంగతి ఆ సాయంత్రమే మిల్న్‌కు తేల్చి చెప్పి, బ్యాటిల్ క్రూయిజర్లను ఇటు పంపమని పట్టుబట్టాల్సింది. అర్ధరాత్రి బయలుదేరి నాలుగు గంటలకు ఆగితే సరిచేసుకునే వ్యవధి ఎవరికీ మిగల్లేదు. రెండోది ఇంకా పెద్దది. పోరాడకపోయినా వెనకాల వెళ్లి ఉండొచ్చు. కెల్లీ చూడండి, ఒక్క చిన్న ఓడతో ఆగస్టు 7 మధ్యాహ్నం దాకా గోబెన్‌ను వదల్లేదు, బ్రెస్లా మీద కాల్పులు కూడా జరిపాడు. గ్రీసు దక్షిణ కొస అయిన మటపాన్ అగ్రం దాటొద్దని మిల్న్ ఆజ్ఞ వచ్చాకే తిరిగాడు. ట్రూబ్రిడ్జ్ దూరం పాటిస్తూ వెంట నడిచి ఉంటే, మిల్న్ మీద కూడా వేగంగా రావాలన్న ఒత్తిడి ఉండేది. తలపడకపోవడం వివేకం. కనిపెట్టి ఉండకపోవడం లోపం. కోర్టు ఈ రెండో ప్రశ్న మీద ఇంకాస్త నిలదీయాల్సిందని నా అభిప్రాయం.

కానీ అందరూ శాకాహారులే, రొయ్యల బుట్ట మాయం అన్నట్టు, గోబెన్ తప్పించుకోవడంలో చేయి లేనివాడు ఎవడు? మిల్న్ మాల్టాలో బొగ్గు నింపుకుని ఆగస్టు 8న తీరిగ్గా బయలుదేరాడు. దారిలో ఉండగా లండన్ నుంచి ఆస్ట్రియాతో యుద్ధం మొదలైందని టెలిగ్రాం వచ్చింది. అది ఒక గుమస్తా పొరపాటున పంపింది, ఆస్ట్రియాతో యుద్ధం నిజంగా మొదలైంది 12న. దాన్ని నమ్మి మిల్న్ వేట ఆపాడు. గోబెన్ ఈలోగా ఏజియన్ దీవుల మధ్య నింపాదిగా బొగ్గు ఎక్కించుకుంది, 10వ తేదీన టర్కీ చేతిలోని డార్డనెల్స్ జలసంధిలోకి దూరింది. టర్కీ జెండా, టర్కీ పేరు తగిలించుకుంది. అక్టోబరు 29న నల్లసముద్రంలో రష్యా వాళ్ల సెవస్తపోల్ రేవు మీద గుండ్లు కురిపించడంతో టర్కీ యుద్ధంలో ఇరుక్కుంది. దాని తర్వాత గల్లిపోలి, మెసొపొటేమియా (నేటి ఇరాక్) పోరాటాలు. నవంబరు 6న, అంటే ట్రూబ్రిడ్జ్ విచారణ రెండో రోజున, పర్షియన్ గల్ఫ్‌లోని ఫావ్ దగ్గర దిగిన దళం భారత సైన్యానిదే. ఆ ఎడారిలో, తర్వాత కూట్ ముట్టడిలో ఆకలికీ జబ్బులకూ చచ్చింది ఎక్కువగా మనవాళ్లు. వాళ్లెవరినీ ఈ విచారణలో ఎవరూ తలుచుకోలేదు.

మిల్న్‌ను నౌకాదళ మంత్రాలయం కోర్టు మెట్లెక్కించలేదు, తప్పు లేదని ప్రకటించింది. బోనెక్కింది ఒక్కడే. విచారణ గుట్టుగా జరిగింది, సాక్ష్యాలు బయటికి రానీయలేదు. నవంబరు 9న తీర్పు: అభియోగం రుజువు కాలేదు, పూర్తిగా, గౌరవప్రదంగా విముక్తి. పట్టపగలు గోబెన్ తనకంటే బలమైన దళమని ఆయన అనుకోవడం సబబేనని కోర్టు ఒప్పుకుంది.

ఆ తర్వాత ఆయనకు సముద్రం మీద ఇంకెప్పుడూ ఓడ ఇవ్వలేదు. రేను కూడా తోటి అధికారులు వెలివేసినట్టే చూశారు.

ఇక్కడ మా పెదనాన్న గురించి చెప్పాలి. ఆయన ఒక ప్రభుత్వ శాఖలో ఇంజినీరు. ఒక వానాకాలం రాత్రి పెద్ద చెరువు కట్ట జారుతోందని కబురొచ్చింది. ఇసుక బస్తాలు వేయడానికి కూలీలను కట్ట మీదికి పంపమని పైనుంచి ఫోన్లు. ఈ చీకట్లో మనుషుల్ని ఎక్కించను, తెల్లారనివ్వండి అన్నాడు పెదనాన్న. కట్ట కింది ఊళ్లవాళ్లను మాత్రం రాత్రికిరాత్రే ఖాళీ చేయించాడు. తెల్లారేలోగా గండి పడింది. పొలాలు మునిగాయి, ఒక్క ప్రాణం పోలేదు. విచారణ ఏళ్లతరబడి సాగి చివరికి ఒక కాగితం వచ్చింది: "ఆరోపణలు రుజువు కానందున తదుపరి చర్యలు నిలిపివేయడమైనది." ఆ కాగితాన్ని ఆయన లామినేషన్ చేయించుకున్నాడు. పోస్టింగ్ మాత్రం రిటైరయ్యేదాకా లూప్‌లైనే. స్టోర్సు, శిక్షణ విభాగం, రికార్డుల గది. పండక్కి వచ్చే ఆయన శిష్యులు వరండాలో కూర్చుని నెమ్మదిగా అనేవాళ్లు, "సారూ, మీకే ఇలా జరిగితే మేం మనుషుల్ని ఎక్కించక ఏం చేస్తాం?" పెదనాన్న దానికి జవాబిచ్చేవాడు కాదు. వాళ్లు ఏం నేర్చుకున్నారో ఆయనకు తెలుసు.

క్రాడక్ కూడా అదే నేర్చుకున్నాడు. దక్షిణ అమెరికా తీరంలో ష్పే దళాన్ని వెతకమని ఆయనకు ఆజ్ఞ. చేతిలో ఉన్నవి గుడ్ హోప్, మన్మత్ అనే పాత ఓడలు, గ్లాస్గో అనే తేలిక క్రూయిజర్, ఫిరంగులు బిగించిన ప్రయాణికుల ఓడ ఒట్రాంటో. పాత ఓడల సిబ్బందిలో ఎక్కువమంది రిజర్విస్టులు, అంటే యుద్ధం వచ్చాక పిలిపించినవాళ్లు, కలిసి ఫిరంగులు కాల్చిన అనుభవమే అంతంత మాత్రం. కెనోపస్ అనే పాత యుద్ధనౌకను తోడుగా పంపారు కానీ అది నత్తనడక, యుద్ధం రోజున దాదాపు 300 మైళ్లు వెనకుంది. అప్పటికే ట్రూబ్రిడ్జ్‌ను వెనక్కి పిలిచి, కోర్ట్ మార్షల్‌కు ముందు ప్రాథమిక విచారణ జరిపారని నౌకాదళమంతటికీ తెలుసు. పాపం ట్రూబ్రిడ్జ్‌కు పట్టిన గతి నాకు పట్టనివ్వను అని క్రాడక్ ఒక మిత్రుడికి రాశాడు. ఫాక్‌లాండ్స్ వదిలే ముందు, నేను పోతే పంపండంటూ గవర్నర్ చేతిలో ఒక ఉత్తరం పెట్టాడు. అంటే ముగింపు ఏమిటో తెలిసే వెళ్లాడు.

నవంబరు 1 సాయంత్రం పొద్దు కుంకింది. పడమట ఎర్రటి ఆకాశం మీద బ్రిటిష్ ఓడలు గీసినట్టు స్పష్టంగా కనబడుతున్నాయి. జర్మన్ ఓడలు తూర్పున తీరం చీకట్లో కలిసిపోయాయి. ఎంతోసేపు పట్టలేదు. గుడ్ హోప్, మన్మత్‌ల నుంచి ఒక్కరు కూడా బతకలేదు. రిజర్వు సిబ్బందిలో పెళ్లాంబిడ్డలున్నవాళ్లు, నిన్నమొన్నటిదాకా చేపలు పట్టుకుంటూ, బళ్లు తోలుకుంటూ బతికినవాళ్లు ఉన్నారు. వాళ్లెవరికీ ట్రూబ్రిడ్జ్ ఎవరో అక్కర్లేదు. వాళ్ల అడ్మిరల్ తన పేరు కాపాడుకోవాల్సిన పరిస్థితిలో ఉన్నాడు, అంతే. క్రాడక్‌ను నేను నిందించను. లండన్ ఆజ్ఞలు ఆయనకూ రెండు నాలుకలతోనే వచ్చాయి. అయితే తన ప్రాణం మీద ఆయనకు హక్కుంది, 1,600 మంది ప్రాణాలు తన పరువుకు పెట్టుబడి కాదు. ఇంగ్లండ్‌లోని యార్క్ మిన్‌స్టర్ అనే పెద్ద చర్చిలో ఆయనకు స్మారకం ఉంది. ట్రూబ్రిడ్జ్‌కు అలాంటి గౌరవం దక్కలేదు.

దక్కాల్సింది గోబెన్ రాత్రికి కాకపోయినా తర్వాతి పనికి దక్కాలి. సముద్రం మీద చోటివ్వని అడ్మిరల్‌ను 1915 జనవరిలో సెర్బియాకు పంపారు, డాన్యూబ్ నది ఒడ్డున కొద్దిమంది నావికులు, కొన్ని ఫిరంగులతో బెల్‌గ్రేడ్ కాపాడమని. నదిలో తిరిగే ఆస్ట్రియా ఓడలను అడ్డుకుంటూ ఆ ఏడాది శరత్కాలం దాకా అక్కడే నిలిచాడు. సెర్బియా కూలిపోయి సైన్యం, జనం మంచుకొండలు దాటి అల్బేనియా తీరానికి పారిపోయినప్పుడు వాళ్లతోపాటు నడిచాడు. సాన్ జొవాన్ని ది మెదువా అనే చిన్న రేవులో ఆకలితో, జబ్బులతో పడి ఉన్న వేలమందిని ఓడలెక్కించే బాధ్యత భుజాన వేసుకున్నాడు. ఓడలు చాలవు, వచ్చినవాటిని శత్రువులు రేవులోనే ముంచుతున్నారు, పైనుంచి విమానాలు. ఎవరు ముందు ఎక్కాలి, ఎవరు ఆగాలి అని రోజూ తేల్చాల్సిన పని. పేరు తెచ్చిపెట్టేది కాదు, పతాక శీర్షిక అయ్యేదీ కాదు. యుద్ధం అయ్యాక డాన్యూబ్ నదీ రవాణాను చూసే అంతర్జాతీయ కమిషన్‌కు అధ్యక్షత వహించాడు. 1919లో పూర్తి అడ్మిరల్ అయ్యాడు, సర్ బిరుదు వచ్చింది. 1926 జనవరిలో ఫ్రాన్స్‌లోని బియారిట్జ్‌లో చనిపోయాడు.

నౌకాదళ చరిత్రలు ఇప్పటికీ ఆయన పేరు దగ్గరకు రాగానే గోబెన్ తప్పించుకున్న సంగతి రాసి, మెదువాకు ఒక వాక్యం కేటాయిస్తాయి. కోర్టు తీర్పుకు ఇంకో వాక్యం, అదీ ఏదో సాంకేతిక కారణంతో వదిలేశారన్న ధోరణిలో. ఆ ధోరణి అబద్ధం. తోటి అధికారులే కూర్చుని, సాక్ష్యాలు విని, గౌరవంగా విడుదల చేసిన మనిషి ఆయన. ఆ తీర్పును దాచిపెట్టకుండా మర్నాడే దళమంతటికీ చదివి వినిపించి, ఆయనకు తిరిగి ఓడ ఇచ్చి ఉంటే క్రాడక్ బతికేవాడు కాదు, అప్పటికే ఆలస్యమైంది. కానీ క్రాడక్ తర్వాత ఇంకా నాలుగేళ్ల యుద్ధం ఉంది, అందులో ఓడలు నడిపే వందలాది అధికారులున్నారు. వాళ్లకు ఆ తీర్పు వినే హక్కు ఉండింది.